పెట్టెలో వెలగని బోర్డు

పోయిన వారం నా నోరు ఊరుకోలేదు. "హార్డ్‌వేర్ గది మూసేద్దాం, కొత్తగా చేరేవాళ్ళకి మదర్‌బోర్డు గురించి గోడమీది చార్టు చూపించి చెప్తే చాలు" అని బావగారు అన్నప్పుడు అందరిలాగా తలూపేసి ఉంటే ఈ గొడవే లేదు. నేను పందెం కాశాను. బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, ఫ్యాను, వైర్లు అన్నీ విడివిడిగా బల్లమీద పోస్తానన్నాను. నా బ్యాచ్ వాళ్ళే ఆయన కళ్ళముందు సిస్టమ్ కట్టి వెలిగిస్తారన్నాను. నేను వేలు కూడా పెట్టనన్నాను. వెలిగితే గది ఉంటుంది. వెలక్కపోతే తాళంచెవి ఆయన చేతిలో పెట్టేసి, రేపట్నుంచి చార్టు పక్కన బెత్తం పట్టుకుని నిలబడతాను. ఆయన "శనివారం" అన్నారు. ఆ శనివారం రానే వచ్చింది.

బావగారంటే మా ఆయనకి సొంత అన్నగారు. ఈ ఇన్‌స్టిట్యూట్ ఆయన కష్టంతో లేచింది, ఆ మాట నేనెప్పుడూ కాదనను. కింద రిపేరు కౌంటరు, అక్కడ మా ఆయన. పైన రెండు గదులు. ఒకదాంట్లో టైపింగూ అకౌంట్లూ నేర్పుతారు. రెండోది మా హార్డ్‌వేర్ గది. కిటికీ పక్కన పొడుగు బల్ల, దానిమీద నల్ల రబ్బరు చాప, స్క్రూలు దొర్లిపోకుండా వేసుకోవడానికి సీసా మూతలు, గోడకి మేకులకి వేలాడే చచ్చిన బోర్డులు. కొత్తవాళ్ళు చేరగానే మొదటిరోజు ఆ చచ్చిన బోర్డు ఒకటి చేతిలో పెట్టి తడమమంటాను. ముందు భయం పోవాలి. భయం పోగొట్టకుండా చెప్పే పాఠం ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పడమే.

ఆయన బాధ కూడా చెప్పకపోతే నాది ఏకపక్షం అంటారు. ఈ మధ్యే ఒకాయన ప్రాసెసరుని తిరగేసి పెట్టి నొక్కేశాడు. సాకెట్టులోని సన్నటి పిన్నులు వంగిపోయి, నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న బోర్డు గోడమీది మేకుకి ఎక్కింది. బావగారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "కోతికి కొబ్బరికాయ ఇచ్చావమ్మా" అన్నారు. బోర్డు పోయినందుకు నాకూ బాధే. కానీ ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. నేర్చుకోవడానికి వచ్చిన మనిషిని కోతి అంటే నేను పడను, అన్నది బావగారైనా సరే.

పరీక్షకి నేను ముగ్గుర్ని నిలబెట్టాను. ఒకరు టైలరమ్మ. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది, ఇప్పుడు తన కొట్టు పక్కనే ఒక రిపేరు షాపు పెట్టాలని ఆశ. రెండో మనిషి డ్రైవరు బాబాయి. చూపు తగ్గిందని బస్సు దింపేస్తే, ఇంట్లో కూర్చోలేక వచ్చి చేరాడు. మూడోది డౌటు. ఆ పిల్ల అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. శ్వాస తీసుకున్నంత మామూలుగా డౌటు అడుగుతుంది.

మా గదిలో ఒక పద్ధతి ఉంది. చెయ్యి చేస్తున్నది నోరు పైకి చెప్పాలి. "ర్యామ్ పెడుతున్నాను, గాటు ఇటువైపు ఉంది, రెండు పక్కలా టక్కుమంది" అని. పక్కవాళ్ళు వినాలి. తప్పు దొర్లితే వినేవాళ్ళకి దొరుకుతుంది. చూసేవాళ్ళకి ఇది సంతలాగా ఉంటుంది. ఉండనీండి.

బావగారు వచ్చి, కుర్చీ లాక్కుని బల్లకి ఎదురుగా కూర్చున్నారు. ఆయన వెనకే మా ఆయన వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అన్నగారి ముందైతే కుక్కిన పేను. లోపలికి రమ్మని కళ్ళతోనే పిలిచాను. ఆయన నేలచూపులు చూశారు. ఈయన సంగతి నాకు కొత్తా అనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకున్నాను.

టైలరమ్మ క్యాబినెట్‌ని, అంటే ఇవన్నీ పట్టే ఇనప పెట్టెని, బల్లమీద పడుకోబెట్టి, లోపల ఇత్తడి కాళ్ళు బిగించడం మొదలుపెట్టింది. కాళ్ళంటే చిన్న చిన్న ఇత్తడి బొడిపెలు. బోర్డు ఇనప రేకుకి తగలకుండా వాటిమీద ఆనుకుని కూర్చుంటుంది. ఆమె తన పని పైకి చెప్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే బావగారు గొంతు సవరించుకున్నారు.

"ముందు థియరీ," అన్నారు. "మదర్‌బోర్డు అనగానేమి?"

గదిలో చెవులన్నీ అటు తిరిగాయి. నావి కూడా.

"అన్నీ దీనిమీదే కూర్చుంటాయి సార్," అన్నాడు డ్రైవరు బాబాయి. "ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్నా దీంట్లోంచే. మొదట్లో బస్సుకి ఛాసిస్ లాంటిది అనుకున్నా. కాదు సార్. ఛాసిస్ ఊరికే మోస్తుంది. ఇది మోస్తూ కబుర్లు కూడా చేరేస్తుంది."

"నేను డెఫినిషన్ అడిగాను."

"అదే చెప్పాను సార్."

"సరే. ర్యామ్ అనగానేమి?"

ఈసారి డౌటు అందుకుంది. "పని చేసేటప్పుడు సామాను పరుచుకునే బల్ల సార్. కరెంటు పోతే బల్లమీద ఏమీ మిగలదు. డిస్కు అయితే బీరువా, దాచింది దాచినట్టే ఉంటుంది. సార్, నాకో డౌటు. ఇవాళ పరీక్ష మాకా, చార్టుకా?"

నేను కిటికీ వైపు తిరిగి నవ్వాను. బావగారు నా వీపు చూసే కనిపెట్టారు.

"నోరు బాగానే నేర్పావమ్మా," అన్నారు.

"చేతులు కూడా నేర్పాను బావగారూ. చూడండి."

చూశారు. అంతదాకా చూడనివన్నీ చూశారు. డ్రైవరు బాబాయి సాకెట్టు మీది రేకు పైకెత్తి, ప్రాసెసరు అంచులు మాత్రమే పట్టుకుని, దాని మూలనున్న చిన్న బంగారు త్రిభుజం, సాకెట్టు మూలనున్న త్రిభుజం ఒక చోటికి తెచ్చాడు. "నొక్కట్లేదు, వదుల్తున్నా" అని చెప్పి వదిలాడు. అది తన చోట్లో తాను కూర్చుంది. పైన వేడి లాగేసే పేస్టు పప్పుగింజంత పెట్టి ఫ్యాను బిగించాడు. డౌటు ర్యామ్ కర్రని గాటు చూసి నిలబెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కింది. టక్, టక్. ముగ్గురూ కలిసి బోర్డుని క్యాబినెట్‌లోకి దించి స్క్రూలు వేశారు. వెడల్పాటి పవర్ వైరు పెట్టారు. ప్రాసెసరు పక్క మూలన ఉండే చిన్న పవర్ వైరుని కొత్తవాళ్ళలో సగం మంది మర్చిపోతారు. డౌటు మర్చిపోలేదు. స్విచ్చి నుంచి వచ్చే వెంట్రుకల్లాంటి వైర్లని వాటి పిన్నులకి తగిలించడం టైలరమ్మ వంతు. సూదిలో దారం ఎక్కించినంత సులువుగా తగిలించేసింది.

నాకు గుండె నిండిపోయింది. దాచుకోను. టైలరమ్మది ఇదే చెయ్యి మొదటిరోజు చచ్చిన బోర్డుని కూడా కొంగుతో పట్టుకుంది, షాక్ కొడుతుందేమోనని.

"నొక్కండి," అన్నారు బావగారు.

టైలరమ్మ స్విచ్చి నొక్కింది. ఫ్యాను పావు చుట్టు తిరిగింది. ఆగిపోయింది. మానిటరు నల్లగా ఉండిపోయింది. ఇంకోసారి నొక్కింది. మళ్ళీ పావు చుట్టు, మళ్ళీ చావు.

ఆదిలోనే హంసపాదు. బావగారు లేచి నా దగ్గరికి వచ్చి, చెయ్యి చాపారు. అరచెయ్యి పైకి, తాళంచెవి కోసం.

"ఎందుకండీ?" అన్నాను.

"వెలగలేదు కదమ్మా."

"ఇంకా వెలగలేదు."

"అదేం మాట?"

"వెలిగితే గది ఉంటుందన్నాం. మొదటి నొక్కుడుకే వెలగాలని ఎవరూ అనలేదు. మీరూ అనలేదు, నేనూ అనలేదు."

"పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు."

"నాలుగో కాలు మీరే చూపించండి. బావగారూ, కింద మన కౌంటరుకి ఇన్నేళ్ళుగా మనుషులు వస్తున్నారు. వెలిగే సిస్టమ్ పట్టుకుని ఒక్కరైనా వచ్చారా? వెలగనిది తెస్తేనే కదా మనకి పని. వెలగనప్పుడు ఏం చెయ్యాలో ఆ చార్టులో ఎక్కడుంది? నాకు చూపించండి. ఇప్పుడే తాళంచెవి ఇస్తాను."

ఆయన చార్టు వైపు చూశారు. నిజంగానే చూశారు. రంగురంగుల బోర్డు బొమ్మ, చుట్టూ బాణాలు, బాణాల చివర పేర్లు. ఆ బొమ్మలో ఏదీ ఎప్పుడూ చెడిపోదు. అందుకే ఆయనకి అదంటే అంత ఇష్టం అనుకుంటాను.

"భోంచేసే వేళ వరకూ చూస్తాను," అన్నారు. "ఆ తర్వాత నీ మాటలు నేను వినను. నువ్వు నోరు విప్పినా, చెయ్యి పెట్టినా పందెం పోయినట్టే."

"ఒప్పుకున్నాను," అన్నాను. నా పళ్ళ మధ్య నాలుకని గట్టిగా బిగించుకున్నాను. నా నాలుకకి అంతటి శిక్ష ఎప్పుడూ పడలేదు.

డ్రైవరు బాబాయి తల గోక్కున్నాడు. "బండి కదలకపోతే ఏం చేస్తాం? కదలకుండా ఏది అడ్డం పడిందో ఒక్కోటీ తీసి చూస్తాం. అదే చేద్దాం." ర్యామ్ తీసి మళ్ళీ పెట్టారు. లేదు. చిన్న పవర్ వైరు ఊడదీసి బిగించారు. లేదు. స్విచ్చి వైర్లు తప్పు పిన్నులకి పెట్టానేమో అని టైలరమ్మ కంగారు పడింది. డౌటు ఒక్కొక్కటే చదివి చూసి, "సరిగానే ఉన్నాయి అక్కా" అంది.

"బయట పెట్టి చూద్దామా?" అన్నాడు బాబాయి. "పెట్టెలోంచి ఇంజన్ బయటికి తీసినట్టు."

నా లోపల మనిషి గంతులేసింది. బయట మనిషి గోడకి ఆనుకునే ఉంది.

స్క్రూలు తీశారు. బోర్డుని బయటికి ఎత్తి, దాన్ని తెచ్చిన అట్టపెట్టె మీద పడుకోబెట్టారు. స్విచ్చి వైర్లు అంతదూరం అందవు. డౌటు స్క్రూడ్రైవరు మొన తీసుకుని స్విచ్చి పిన్నులు రెండూ ఒక్క క్షణం తాకించబోయింది.

"ఏయ్, చచ్చిపోతావ్," అని బావగారు కుర్చీలోంచి లేచారు.

"ఇక్కడ ఉన్నది చాలా తక్కువ కరెంటు సార్. గోడలోంచి వచ్చే పెద్ద కరెంటు ఆ పవర్ సప్లై డబ్బాలోనే ఆగిపోతుంది. ఆ డబ్బా మాత్రం మేం విప్పం," అంది డౌటు. అని, తాకించింది.

ఫ్యాను గిర్రున తిరిగింది. ఆగలేదు. బీప్ అని ఒక్క చప్పుడు. మానిటరు మీద తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి.

టైలరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చూపు కోసం కాదు.

"వెలిగింది సార్," అన్నాడు.

"బయట వెలిగితే ఎవరికి?" అన్నారు బావగారు. "రేపు నీ దగ్గరికి వచ్చినవాడికి అట్టపెట్టె మీద పెట్టి ఇస్తావా? క్యాబినెట్‌లో వెలగాలి."

అన్యాయం కాదు, ఆ మాటలో న్యాయం ఉంది. దాంతో నాకింకా కోపం వచ్చింది. మళ్ళీ లోపల పెట్టి బిగించారు. నొక్కారు. పావు చుట్టు. ఆగింది. బయటైతే బతుకుతోంది, లోపలికి పోతే చస్తోంది. బావగారు గడియారం చూసుకున్నారు. టైపింగు గదిలోంచి ఎవరో వచ్చి తొంగిచూసి పోయారు.

"మనం మొదట్నుంచీ చెప్పుకుందాం," అంది డౌటు. "ఎవరు ఏం చేశారో మళ్ళీ పైకి చెప్పండి. అక్కా, నువ్వే మొదలుపెట్టావు కదా."

టైలరమ్మ వేళ్ళు మడుస్తూ చెప్పింది. "పెట్టె పడుకోబెట్టాను. కాళ్ళు బిగించాను. ఎక్కడెక్కడ కన్నం ఉందో అక్కడల్లా ఒక కాలు బిగించాను. ఒక్కటీ వదల్లేదు."

నాకు అక్కడే తెలిసిపోయింది. మీకూ తెలియాలంటే ఒక్క ముక్క చెప్పాలి. క్యాబినెట్ అడుగున కన్నాలు చాలా ఉంటాయి. పెద్ద బోర్డుకి, చిన్న బోర్డుకి, అన్నిటికీ ఒకే పెట్టె పనికి రావాలని అలా చేస్తారు. మన బోర్డుకి ఎక్కడ కన్నం ఉందో అక్కడ మాత్రమే కాలు పెట్టాలి. బోర్డుకి కన్నం లేనిచోట కాలు పెడితే, ఆ ఇత్తడి మొన వెళ్ళి బోర్డు అడుగున టంకం పెట్టిన సోల్డరు చుక్కలకి తగులుతుంది. కరెంటు వెళ్ళకూడని దారిన వెళ్తుంది. అది పసిగట్టి పవర్ సప్లై తనంతట తానే ఆగిపోతుంది. ఇదంతా నేను ఈ గదిలోనే చెప్పాను. కానీ వినడం వేరు, ఇన్నేళ్ళ చేతి అలవాటు వేరు. బట్టకి కాజా కుట్టాక గుండీ పెట్టకుండా ఇస్తే ఆమె కొట్టుకి ఎవరొస్తారు? కాజా ఉంటే గుండీ ఉండాలి. ఆమె చేతికి తెలిసిన న్యాయం అది.

నాకు తెలిసిపోయింది, చెప్పడానికి లేదు. మింగలేక కక్కలేక నిలబడ్డాను. నా ముఖం చూస్తే దొరికిపోతారని నేల చూశాను. తల ఎత్తేసరికి గుమ్మం దగ్గరున్న మా ఆయన నన్నే చూస్తున్నారు. ఆయనకీ తెలిసిపోయింది. ఒక్క మాట ఆయన అనొచ్చు. ఆయన నోటికి పందెం లేదు. అనలేదు.

"అక్కా, నాకో డౌటు," అంది డౌటు.

"అడుగు తల్లీ."

"పెట్టెకి ఉన్నన్ని కన్నాలు బోర్డుకి ఉన్నాయా?"

టైలరమ్మ ఎవర్నీ అడక్కుండా స్క్రూలు తీసేసి బోర్డు పైకెత్తింది. బోర్డుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని దాని కన్నాలు చూసింది, కింద ఉన్న కాళ్ళు చూసింది. కొలత తీసిన బట్టమీద నమూనా పెట్టి చూసుకున్నట్టు చూసింది. నడిమధ్యలో ఒక ఇత్తడి కాలు ఉంది, దానిపైన బోర్డుకి కన్నం లేదు.

"ఇది నా పనే," అంది. అందరికీ వినబడేలా అంది. "గుండీ లేకుండా కాజా వదలబుద్ధి కాలేదు. తప్పు నాది. పాఠం సరిగానే చెప్పారు మేడమ్."

ఆ కాలు విప్పి సీసామూతలో వేసింది. చప్పుడు చిన్నదే, గదంతా వినిపించింది. బోర్డు దించారు, స్క్రూలు వేశారు, వైర్లు పెట్టారు. ఈసారి నొక్కమని బావగారు చెప్పేదాకా ఆమె ఆగలేదు.

ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉంది. బీప్. తెల్లటి అక్షరాలు.

బావగారు కళ్ళద్దాలు సర్దుకుని మానిటరు దగ్గరికి వెళ్ళారు. "ఇదేంటి? ఎర్రర్ అంటోంది."

అప్పటికి నా నోటికి విడుదల దొరికింది. "డిస్కు లేదంటోంది బావగారూ. మనం డిస్కు పెట్టలేదు కాబట్టి లేదంటోంది. ఉన్నమాట చెప్పడం కూడా తప్పేనా?"

ఎవరో చప్పట్లు కొట్టారు. చూస్తే టైపింగు గది మొత్తం గుమ్మంలో ఉంది. మా ఆయన వాళ్ళ మధ్య ఇరుక్కుపోయి ఉన్నారు. నేను కట్టుకున్న చేతులు విప్పి టైలరమ్మ భుజం పట్టుకున్నాను.

"గది ఉంటుంది," అన్నారు బావగారు. "ఇచ్చిన మాట నేను తప్పను."

"తప్పరని నాకు తెలుసు," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"అయితే ఇంకొకటి కూడా విను. మొదటి నొక్కుడుకే వెలగాలని ఎవరూ అనలేదని నాకు పాఠం చెప్పావు. బాగుంది. ఆ గదిలో పాఠం నువ్వే చెప్తావని కూడా ఎవరూ అనలేదు." ఆయన గుమ్మం వైపు తిరిగారు. "ఏరా, సోమవారం నుంచి ఈ గది నువ్వు చూసుకో. కౌంటరులో ఇంకొకర్ని పెడతాను. నాకు ఎదురు చెప్పకుండా పని చేసుకునే మనిషి కావాలి."

అందరూ మా ఆయన్ని చూశారు. నేను చూడలేదు. చూడక్కర్లేదనుకున్నాను. ఈయన మాట్లాడడు, మాట్లాడకపోవడమే కాదనడం, ఇన్నేళ్ళలో నేను ఈయన్ని అలాగే చదువుకున్నాను.

"సరే అన్నయ్యా," అన్నారు మా ఆయన.

నాకు ముందు కోపం రాలేదు. సిగ్గేసింది. నా విద్యార్థుల ముందు, టైపింగు పిల్లల ముందు, సొంత మొగుడు నన్ను పక్కకి నెట్టేస్తే ఎక్కడ చూడాలో తెలియలేదు. పెళ్ళయిన కొత్తలో నాకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం రాదు. ఆయనే వంటింటి గట్టుమీద ఒక పాత బోర్డు పెట్టి, "భయపడకు, తడిమి చూడు" అన్నారు. నేను కొత్తవాళ్ళకి చెప్పే మొదటి మాట నాది కాదు, ఆయనది. ఆయనకి నాకంటే బాగా వచ్చు, ఆ సంగతి ఎవరు కాదన్నారు? అడిగి ఉంటే నేనే పిలిచి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టేదాన్ని. అడగలేదు. సరే అన్నారు.

కోపం తర్వాత వచ్చింది. వచ్చాక మొత్తం వచ్చింది.

"మంచిది," అన్నాను. తాళంచెవి తీసి బావగారికి ఇవ్వలేదు, మా ఆయనకీ ఇవ్వలేదు. రబ్బరు చాపమీద పెట్టాను. "గది మీది. బల్ల మీది. బోర్డులు మీవి. ఆ చార్టు కూడా మీదే, భద్రంగా ఉంచుకోండి. పాఠం మాత్రం మీది కాదు. అది ఎవరి దగ్గర నేర్చుకోవాలో నేర్చుకునేవాళ్ళు చెప్తారు."

"తాటాకు చప్పుళ్ళకి నేను బెదరనమ్మా," అన్నారు బావగారు.

"నేను చప్పుడు చెయ్యట్లేదు. వెళ్తున్నాను."

టైలరమ్మ తన సంచీ భుజానికి తగిలించుకుంది. "నా కొట్లో కత్తిరించే బల్ల ఉంది మేడమ్. ఈ బల్లంత పొడుగే ఉంటుంది. పొద్దున పూట ఖాళీయే."

"ఇక్కడి బోర్డు ఒక్కటి కూడా ఈ గడప దాటదు," అన్నారు బావగారు. "స్క్రూడ్రైవరు కూడా."

"పాత సామాన్ల కొట్టు వాడు నాకు తెలుసు సార్," అన్నాడు డ్రైవరు బాబాయి. "వాడి దగ్గర చచ్చిన బోర్డులు బస్తాలకి బస్తాలు పడున్నాయి. మాకు మొదట కావలసింది అవే."

డౌటు స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టేసింది. ఆ పిల్లకి డౌటు లేని క్షణం అదొక్కటే. నా వెనకే నడిచింది.

గుమ్మంలో జనం దారి ఇచ్చారు. మా ఆయన కూడా పక్కకి జరిగారు. ఆయన్ని దాటేటప్పుడు నా భుజం ఆయన చొక్కాకి రాసుకుంది. నేను ఆగలేదు. మెట్లు దిగుతున్నాను. వెనకాల ముగ్గురూ దిగుతున్నారు. సగం దిగాక పైనుంచి ఆయన గొంతు వినిపించింది. ఆ గొంతు నలుగురిలో పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"ఆగు."

ఆగాను. వెనక్కి తిరిగాను. ఆయన మెట్లమీదికి వచ్చి, రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన వెనక అన్నగారు. అన్నగారి ముఖంలో అంతవరకూ లేని కంగారు.

"వద్దురా," అన్నారు బావగారు. "ఇప్పుడొద్దు."

మా ఆయన అన్నగారి మాట వినలేదు. నన్నే చూస్తూ, బతిమాలుతున్నట్టు కాదు, ఒప్పుకుంటున్నట్టు అన్నారు.

"గది మూసేద్దామన్నది అన్నయ్య కాదు. ఆ మాట అన్నయ్య చేత అనిపించింది నేను. నేను నేర్పిన మాటే నీ నోట పాఠమై పైనుంచి వినిపిస్తుంటే, కింద కౌంటరులో కూర్చోలేకపోయాను."

ఒక మెట్టు పైకి ఎక్కాను.

"చెప్పండి," అన్నాను. "మిగతాది కూడా ఇక్కడే చెప్పండి. వీళ్ళందరూ వింటుండగానే చెప్పండి."